చేప పిల్లల ట్రెయిలర్‌తో కొల్లేటి గట్టు మీద

పికప్ వెనక ట్రెయిలర్ తగిలించుకుని తిరగడం నాకు కొత్త కాదు. తాడేపల్లిగూడెంలో మాది షామియానాలు, వంటపాత్రలు అద్దెకిచ్చే వ్యాపారం. పెళ్లిళ్ల రోజుల్లో ఇనప గొట్టాలు, గుండిగలు, కుర్చీలు వేసుకుని నల్లజర్ల నుంచి ఉండి దాకా నేనే తోలుతాను. ఆడమనిషి రెండు బళ్లు ఒకేసారి తోలుతోందని నవ్వేవాళ్లు నవ్వుతారు, దారి మాత్రం ఇస్తారు. అయితే ఇన్నాళ్లూ నేను లాగినవన్నీ ఎక్కడ పెడితే అక్కడ కూర్చునే సామాన్లు. నీళ్లు లాగడం వేరే విద్య అని మొన్ననే తెలిసింది. ట్రెయిలర్‌తో కొల్లేటి వైపు వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఈ ప్రయాణానికి కారణం మా చెల్లెలు సుజాత. ఏలూరుకి దిగువన, కొల్లేటి అంచున, చేపల చెరువు ఒకటి తనే చూసుకుంటుంది. పోయిన నెల మబ్బు పట్టిన రోజుల్లో నీటిలో గాలి తగ్గి, తెల్లారేసరికి చేపలన్నీ చచ్చి తేలాయి. మళ్లీ పిల్ల వేద్దామంటే, తెచ్చే వ్యానులవాళ్లు ఇప్పట్లో ఖాళీ లేదన్నారు. (చెరువులో వదిలే చిన్న చేపల్ని ఇక్కడ అందరూ ‘పిల్ల’ అంటారు, నేనూ అలాగే రాస్తాను.) నర్సరీ వాళ్లేమో ఎక్కువ రోజులు ఆపలేమన్నారు. “ఈసారి పిల్ల బతక్కపోతే చెరువు వదిలేస్తానక్కా” అంది ఫోనులో. ఏడుస్తూ చెప్పుంటే ఓదార్చేదాన్ని. కూరలోకి ఉప్పు తెమ్మన్నంత మామూలుగా చెప్పింది, అందుకే నాకు భయం వేసింది. నా బండి ఉందిగా, నేను తెస్తానులే అనేశాను. ఫోను పెట్టేశాక మా ఆయన నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

నర్సరీ తాడేపల్లిగూడేనికి దగ్గర్లోనే. ఎండ ముదరకముందే బయల్దేరాలి కాబట్టి తెల్లవారుతుండగా నేనూ మా ఆయనా అక్కడున్నాం. ఈసారి గాలి తగ్గకుండా చెల్లెలు కొనిపించిన నీళ్లు చిలికే రెండు ఏరేటర్లు పికప్ తొట్టిలోకి ఎక్కాయి, అందుకే పిల్ల ట్యాంకు ట్రెయిలర్ మీదకి వచ్చింది. చెల్లెలి దగ్గర పనిచేసే సూరిబాబుగారు ముందురోజే బస్సులో వచ్చి ఉన్నారు. కొల్లేటిలో పుట్టి పెరిగిన మనిషి, యాభై దాటుంటాయి. నేను హుక్కు బిగించి, గొలుసులు తగిలించి, వెనక లైట్లు వెలుగుతున్నాయో లేదో చూసుకుని తిరిగేసరికి ఆయన ట్యాంకులో సగానికే నీళ్లు ఆపించారు.

“నిండా పోయించండి సూరిబాబుగారూ. సగం నీళ్లయితే వెనకాల ఊగిపోతుంది” అన్నాను.

“నిండా పోస్తే చెయ్యాడదండీ. నీళ్లు కొట్టాలి కదండీ. కొడితేనే కదండీ పిల్లకి గాలందేది!”

పిల్ల వ్యానుల్లో దారి పొడవునా ఒక మనిషి కూర్చుని అరచేతులతో నీళ్లు చరుస్తూనే ఉంటాడు. ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. ఆయన అప్పటికే లుంగీ ఎగ్గట్టి ట్రెయిలర్ ఎక్కేశారు.

“దిగండి. ట్రెయిలర్‌లో మనిషుంటే నేను బండి తీయను.”

“మరి పిల్ల సంగతేంటండీ?”

“మధ్య మధ్యలో ఆగుతాను. ఆగినప్పుడల్లా కొట్టండి.”

“ఆయ్, మీ ఇష్టమండీ” అని దిగారు. రేపు ఏదైనా అయితే నన్ననకండి అనే అర్థం ఆ గొంతులోనే ఉంది. మా ఆయన మా ఇద్దరికీ మధ్య సీట్లో సరిహద్దు గోడలా కూర్చున్నారు.

ఏలూరు దాకా హైవేనే. ఖాళీ బండితో గంటలో వెళ్లే దూరానికి రెండు గంటలు పెట్టుకోండి, డీజిలు కూడా మామూలు కంటే బాగా ఎక్కువ తాగుతుంది. భీమడోలు దాటేదాకా బాగానే ఉంది. అక్కడ ఒక కారు పక్కరోడ్డు నుంచి తిన్నగా నా ముందుకొచ్చేసింది. బ్రేకు వేశాను. బండి ఆగబోయింది కానీ ట్యాంకులో నీళ్లు ఆగలేదు. మొత్తం ముందుకొచ్చి గుద్దాయి, మళ్లీ వెనక్కి పోయాయి, ట్రెయిలర్ ఎడమకీ కుడికీ ఊగడం మొదలైంది. అద్దంలో ఒకసారి దాని ఎడమ చక్రం కనిపిస్తే ఇంకోసారి కుడి చక్రం. పక్కనే లారీలు. “బ్రేకు, బ్రేకు!” అని మా ఆయన అరుస్తున్నారు. ఇక్కడ బ్రేకు తొక్కితే ట్రెయిలర్ మనల్ని దాటి ముందుకెళుతుంది. స్టీరింగు గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటరు మీద కాలు తీసేసి ఊరుకున్నాను. ఊరుకోవడమంత కష్టమైన పని నాకింకొకటి లేదు. కాసేపటికి ఊపు తగ్గింది. బండి పక్కకి తీసి ఆపాను.

సూరిబాబుగారు దిగి, ట్యాంకు పక్కన నిలబడి నీళ్లు కొట్టడం మొదలుపెట్టారు. అప్పటికే కొన్ని పిల్లలు చచ్చి తెల్లగా పక్కకి ఒరిగాయి. వాటిని దోసిలితో తీసి నాకు చూపించి కాలువలో వేశారు. తిట్టినా బాగుండేదనిపించింది.

ఏలూరు శివార్లలో ఒక టిఫిను కొట్టు దగ్గర ఆగాం. ముగ్గురం తిన్నా రెండు వందలు దాటలేదు, పెసరట్టు బాగుంది. కొట్టావిడ సాంబారు గిన్నెను ఆటోలో పెట్టిస్తూ, సాంబారు మీద తేలేలా ఒక అరిటాకు పరిచింది. మా గుండిగల్లో పులుసు పంపే వంటవాళ్లూ అదే చేస్తారు, ఆకు ఉంటే అలలు లేవవు, తొణకదు. పొద్దున్నించీ ఇది నా బుర్రకి ఎందుకు తట్టలేదో!

“ఏవండీ, ఆకులు కాసిని ఇస్తారా?”

“ఎంతమందికండీ?”

“ఒక ట్యాంకుకండీ.”

ఆవిడ తేరుకునేలోపు సూరిబాబుగారు తల అడ్డంగా ఊపారు. “అరిటాకు మూత పెట్టినట్టు కప్పేస్తుందండీ, గాలాడదు. ఆలోచన మంచిదేనండీ, ఆకే మార్చాలి.” పక్క కాలువ నిండా గుర్రపు డెక్క, అదీ నీటి మీద తేలే మొక్కే గాని సందుల్లోంచి గాలాడుతుంది. ఇద్దరం దిగి, వేళ్లకి బురద లేకుండా జాడించి, ఒకచోట చెయ్యి దూరేంత ఖాళీ వదిలి మిగతా ట్యాంకంతా తేల్చాం. ఊపు పూర్తిగా పోలేదు గాని మెత్తబడింది. కైకలూరు రోడ్డు పట్టుకుని దిగువకి వెళుతుంటే ఆయన మొదటిసారి నాతో నవ్వుతూ మాట్లాడారు.

ఆ రోడ్డు దిగాక చెల్లెలి చెరువుకి వెళ్లేది గట్టు దారి. రెండు పక్కలా చెరువులు, మధ్యలో ఒక్క బండి పట్టేంత మట్టి. ఎండ ఎక్కుతోంది, పిల్లకి ఇక ఎక్కువ సమయం లేదు. గట్టు సగం వెళ్లామో లేదో, ఎదురుగా ఐసు చేపల లారీ. మా వెనక మలుపు చాలా దూరం, అతని వెనక మోటారు షెడ్డు దగ్గర కాస్త వెడల్పు ఉంది. అతను హారను కొట్టి, తల బయటపెట్టి వెనక్కి తీయమని చెయ్యి ఊపాడు.

సూరిబాబుగారు కేకేశారు. “పిల్ల బండండీ! పిల్ల ఉందండీ లోపల!”

“డెక్క బండి కదండీ అది! పిల్ల బండైతే చప్పుడేదండీ?”

ఈ గట్ల మీద పిల్ల బండి వస్తే ఎంతటి లారీ అయినా వెనక్కి తగ్గాల్సిందే. ఐసులో చేప ఆగుతుంది, ప్రాణమున్నది ఆగదు. నీళ్లు కొట్టే చప్పుడే దానికి గుర్తు. మాది పైకి పచ్చగా, చడీచప్పుడూ లేకుండా వస్తోంది. దారి కోసం అబద్ధం చెబుతున్నామనుకున్నాడు.

ఓపిక నాకు ఎప్పుడూ తక్కువే. వాదించే బదులు వెనక్కి తీయడమే నయమనుకుని రివర్సు వేశాను. ట్రెయిలర్ ఎడమకి పోవాలంటే స్టీరింగు కుడికి తిప్పాలి, ఆ లెక్క నాకు నిద్రలో కూడా వచ్చు. కానీ లోపల నీళ్ల లెక్క వేరే. ఒక్కసారి కదిలేసరికి బరువంతా ఒక పక్కకి జారి, ట్రెయిలర్ మడత పడ్డట్టు తిరిగింది. కుడి చక్రం గట్టు అంచుకి వెళ్లి, కింద మట్టి పెళ్లలు ఊడి చెరువులో పడ్డాయి. ఆపేశాను. ముందుకెళదామంటే లారీ, వెనక్కి వెళితే చెరువు.

అప్పటికే సూరిబాబుగారు దూకేశారు. నేను వద్దు వద్దని అరుస్తుండగానే గట్టు గట్టిగా ఉన్న ఎడమ పక్క నుంచి ట్రెయిలర్ ఎక్కి, గుర్రపు డెక్కను రెండు చేతులా తీసి గట్టు మీదకి విసిరి, నీళ్లు కొట్టడం మొదలుపెట్టారు. ఆ చెరువుల మధ్య ఆ చప్పుడు ఎంత పెద్దగా వినిపించిందో! నా కళ్లు మాత్రం ఆ చక్రం మీదే ఉన్నాయి. ఆయన బరువుకి ఇంకొంచెం దిగితే ట్యాంకుతో పాటు ఆయనా పోతారు.

హారను ఆగిపోయింది. లారీ అతను అంత పెద్ద లారీని మోటారు షెడ్డు దాకా మెల్లగా వెనక్కి తీసుకెళ్లాడు. అది కదలగానే సూరిబాబుగారు ఈసారి నేను చెప్పకుండానే దిగిపోయారు. నేను ఫస్టు గేరులో ముందుకి లాగితే ట్రెయిలర్ తిన్నగా వెనకాలే వచ్చింది. షెడ్డు దగ్గర అతన్ని దాటుతుంటే “చప్పుడు లేకపోతే ఎలా తెలుస్తుందండీ” అన్నాడు, తప్పు తనదే అన్నట్టు. “మాకే తెలియలేదండీ” అన్నాను.

చెరువు ఇంకా కొంత దూరముండగానే సుజాత గట్టు మీద పరిగెత్తుకుంటూ ఎదురొచ్చింది, కాళ్లకి చెప్పులు కూడా లేవు. నన్ను పలకరించకుండా తిన్నగా ట్యాంకు దగ్గరికెళ్లి లోపలికి చూసింది. పిల్ల తిరుగుతోంది. చెరువు నీళ్లు కొంచెం కొంచెం కలిపి అలవాటు చేసి వదిలింది. ఆఖరి పిల్ల కూడా నీళ్లలోకి జారిపోయాక నా పక్కన కూర్చుంది.

“మీరు గట్టెక్కిన దగ్గర్నుంచీ చూస్తూనే ఉన్నానక్కా. చప్పుడు లేదు. అంతా పోయింది, కొట్టడం కూడా మానేశారు, ఊరికే ట్యాంకు తెస్తున్నారనుకున్నాను. ఎదురు రావడానికి కాళ్లు రాలేదు. తర్వాత వినపడింది.”

అంతవరకూ నేను రోడ్డు గురించి, హుక్కు గురించి, నీళ్ల ఊపు గురించి మాత్రమే ఆలోచించాను. ఆ చప్పుడు కోసం చెవులు పెట్టుకుని అక్కడొక మనిషి ఉందని, ఆ మనిషి నా చెల్లెలని ఒక్కసారీ అనుకోలేదు. పొద్దున నన్నడిగితే నీళ్లు కొట్టడం పిల్ల కోసం మాత్రమే అని చెప్పేదాన్ని. ఇప్పుడు కూడా ట్రెయిలర్‌లో మనిషిని ఎక్కనిస్తానా అంటే, ఎక్కనివ్వను. అందుకని ఇలాంటి సరుకు లాగేవాళ్లకు నా సలహా ఒక్కటే. గట్టు దారి ఎక్కేముందు బండి ఆపండి, ఒక బకెట్టులో నీళ్లు పోసి మీ మనిషి చేతికివ్వండి, బండికి ముందు నడుస్తూ వాటిని గట్టిగా కొట్టమనండి. లారీలకీ వినిపిస్తుంది, చెరువు దగ్గర ఎదురుచూసేవాళ్లకీ వినిపిస్తుంది.