ప్రెసిడెంటమ్మ కూర్చున్న కుర్చీ

ఖమ్మంలో డిగ్రీ పిల్లలకు రాజనీతి శాస్త్రం చెబుతాను. ఆ రోజు దేశాధ్యక్షుల భార్యల మీద పాఠం. పదవి లేకుండానే వాళ్ళు బడులకూ ఆసుపత్రులకూ ఎంత చేయగలిగారో చెబుతుంటే ఒకమ్మాయి లేచి, "మా చిన్నమ్మ గట్లనే చేసింది మేడం. ఇప్పుడు ఆమెనే ప్రెసిడెంటు" అంది. మా వైపు పాత అలవాటు కొద్దీ సర్పంచ్‌ను ఇప్పటికీ ప్రెసిడెంటనే అంటారు, ఆయన భార్యను ప్రెసిడెంటమ్మ అంటారు. ఈ చిన్నమ్మ పేరు బుజ్జి. మొన్నటిదాకా ఆమె భర్త భద్రు సర్పంచ్. ఈసారి సీటు ఆడవాళ్ళకు రావడంతో బుజ్జి నిలబడి గెలిచింది. శనివారం మొదటి గ్రామసభ అని తెలిశాక ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు.

పొద్దున ఆరింటికి భద్రాచలం ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే మన ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు లేవు. కొత్తగూడెం మీదుగా మూడు గంటల పైనే పడుతుంది. గోదావరి వంతెన దాకా పోకుండా సారపాకలోనే దిగాలి. పేపరు మిల్లుకు కర్ర తెచ్చిన లారీల వరుస దాటితే షేర్ ఆటోలుంటాయి, బుజ్జి వాళ్ళ తండాకు మనిషికి యాభై రూపాయలు.

దారిలో అడవి అంచున ఒక వాగు, దాని మీద కూలిపోయిన కల్వర్టు. ఎండలు కాబట్టి ఆటో నీళ్ళలోంచే దాటింది. "వానకాలం అంబులెన్స్ ఈడనే ఆగుతది మేడం. నొప్పులొస్తే మంచం మీద మోసుకొచ్చుడే. బుజ్జక్క ఎన్నిసార్లు మోసిందో!" అన్నాడు డ్రైవర్.

"మరి భద్రు ఏం చేశాడు?"

"చూద్దాం అన్నడు" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

పంచాయతీ ఆఫీసులో జనం జంపఖానా మీద కూర్చున్నారు. సర్పంచ్ కుర్చీలో దర్జాగా భద్రు! కార్యదర్శి కాగితాలు సర్దుకుని, "ప్రెసిడెంటమ్మ రావాలె, తీర్మానం రాసుకుందం" అన్నాడు.

ఒక ముసలాయన చెయ్యి ఊపాడు. "చాయ్ పెట్టను పోయిందేమో బిడ్డా, వస్తది తియ్. భద్రు ఉండె గద, నువ్వు రాయి."

"నేనీడనే ఉన్న తాతా" అంది గుమ్మంలోంచి బుజ్జి. నేరుగా కుర్చీ దగ్గరికి నడిచింది. "లెవ్వు."

"అరే, నేను కూసుంటే ఏంది? సంతకం నువ్వే పెడుదువు గని."

"కల్వర్టు అడిగినప్పుడల్లా చూద్దాం అన్నవ్. మంచం మోసింది నేను. ఇంకో ఆడిదాన్ని గట్ల మొయ్య. లెవ్వు."

భద్రు అటూ ఇటూ చూశాడు. తనకు వంతపాడేవాళ్ళు ఒక్కరూ కనిపించకపోయేసరికి లేచి జంపఖానా మీదికి జరిగాడు. బుజ్జి కూర్చుంది. "రాయి సెక్రెటరీ. మొదటిది కల్వర్టు."

సంతకం అయ్యాక ముసలాయనకు సందేహమొచ్చింది. "మరి భద్రును ఇగ ఏమని పిలవాలె?"

"ప్రెసిడెంటు మొగడు అనుండ్రి. నన్ను ఇన్నేండ్లు గట్లనే పిలిసిండ్రు గద!"

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. భద్రు కూడా నవ్వక తప్పలేదు.

తిరుగు బస్సులో నా పాఠమే నెమరేసుకున్నాను. పదవి లేకపోయినా ఎంత చేసిందో అని ఇన్నాళ్ళూ అందరూ బుజ్జిని మెచ్చుకున్నారు, కల్వర్టు మాత్రం కూలింది కూలినట్టే ఉంది. సోమవారం క్లాసులో మెచ్చుకోలు కాదు, ఆ కుర్చీ సంగతే మొదట మాట్లాడతాను. మీరు వెళ్ళేట్టయితే ఈ ఏటి వానలు పడకముందే వెళ్ళండి, తర్వాత వాగు దాటలేరు. వచ్చే ఏటి వానల్లో మాత్రం నిక్షేపంగా వెళ్ళొచ్చు. సంతకం పెట్టిన మనిషిని నేను కళ్ళారా చూశాను.