పెద్దమ్మకు వచ్చిన ఒక్క ఇంగ్లీషు ముక్క

మా పెద్దమ్మకు వచ్చిన ఇంగ్లీషంతా కలిపితే ఒకటే ముక్క: కూల్. ఇంటి ముందుగదిలో పెదనాన్న, మా నాన్న కలిసి నడిపిన కూల్‌డ్రింకుల కొట్టు ఆవిడకు దాన్ని నేర్పింది. సీసా కావాలంటే "కూల్ ఒకటి". అన్నదమ్ముల గొంతులు పెరిగితే "కూల్, కూల్". నేను కొత్త గౌను వేసుకొస్తే "అబ్బో, కూలే!" ఈ చివరిది కొట్టుకొచ్చే కాలేజీ పిల్లల దగ్గర పట్టింది.

ఒక వేసవిలో నాన్న చెప్పాపెట్టకుండా ఫ్రిజ్ తెచ్చి, పాత ఐసుపెట్టెను వెనక వరండాలోకి నెట్టేశాడు. ఆ పెట్టె పెదనాన్న సొంతంగా చేసుకున్నది.

"నన్నొక్క మాట అడిగావురా?"

"అడిగితే వద్దంటావుగా అన్నయ్యా."

అంతే, మాటలు ఆగిపోయాయి. బల్లకు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. ఒకాయన సీసా అందిస్తే, రెండో ఆయన మూత తీసేవాడు. కబుర్లన్నీ పెద్దమ్మ మీదుగానే.

"సరుకు అయిపోతోందని నీ మరిదికి చెప్పు."

"విన్నానని అన్నయ్యకి చెప్పు వదినా."

ఓ మధ్యాహ్నం పక్కవీధి ఇంగ్లీషు టీచరు కూల్‌డ్రింకు తాగుతూ ఈ తంతంతా చూసింది.

"అన్నదమ్ముల మధ్య బాగా కూల్‌గా ఉన్నట్టుందే," అంది మెల్లగా.

పెద్దమ్మ మొహం వెలిగిపోయింది. "అంతా మీ చలవే టీచరుగారూ!"

టీచరు నాలుక కరుచుకుంది. "అది కాదండీ. మనుషుల మధ్య కూల్ అంటే, మునుపటి ఆప్యాయత లేదని."

"చల్లగా ఉండమనే కదండీ మనం దీవిస్తాం. ఆ మాటకిదేం పోయేకాలం!" అంది పెద్దమ్మ.

మర్నాడు ఎండ మండిపోతోంది. మొదట వచ్చినాయన ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. "ఇదేంటండీ, కషాయంలా ఉంది!"

నాన్న ఫ్రిజ్ తెరిచాడు. లోపల దీపం వెలగలేదు. పెదనాన్న ఆ చివరి నుంచి ఒక్క ఉదుటున వచ్చాడు.

"మొన్న తెచ్చావు, అప్పుడే పాడైందా?"

"నువ్వే ఏదో చేసుంటావు!"

"నేనా? దాన్ని ముట్టుకుంటే ఒట్టు!"

అరుపులు వీధి చివరిదాకా వినిపించాయి. కాసేపటికి ఇద్దరూ ఒకేసారి వెనక్కి తిరిగారు. గోడవార పీట మీద పెద్దమ్మ తాపీగా చొక్కాకు గుండీ కుడుతోంది. ఫ్రిజ్ ప్లగ్గు ఒళ్లో ఉంది.

"మాట్లాడుకున్నారుగా. ఇంక పెట్టుకోండి," అంది.

ముందు నాన్న నవ్వాడు. పెదనాన్న బిగబట్టి చూశాడు కానీ, ఆగలేదు. ప్లగ్గు ఆయనే పెట్టాడు. సాయంత్రానికి ఇద్దరూ కలిసి ఐసుపెట్టెను మోసుకొచ్చి ఫ్రిజ్ పక్కన దింపారు.

ఆ తర్వాత వాళ్లు పోట్లాడుకోని రోజు లేదు. పెద్దమ్మ మాత్రం "కూల్, కూల్" అనడం మానేసింది.

"ఆపవేం పెద్దమ్మా?" అని అడిగితే, "అరుచుకోనీవే. ఇప్పుడే ఇల్లు ఇల్లులా ఉంది," అనేది.

ఆ కొట్టు లేదిప్పుడు, ఆ ముగ్గురూ లేరు. బడి నుంచి వచ్చి బల్ల కింద చాప మీద పడుకుని, పైన వాళ్ల కీచులాట వింటూ నిద్రపోయేదాన్ని. అంత హాయైన నిద్ర మళ్లీ ఎక్కడా పట్టలేదు.