మూడు మూరలు

పెదనాన్నగారు గాలిని మూరలతో కొలిచేవారు. కలిదిండి దగ్గర మేం సాగు మానేసిన చేపల చెరువు గట్టు మీద నాకు తుపాకి కాల్చడం నేర్పేవారు. గురి కోసం మిషన్ గాల్లోకి విసిరిన మట్టి బిళ్ల ఎగరగానే మోచేత్తో గాల్లో మూరలు వేసి చూపి, "ఇదిగో, ఇంత ముందు కాల్చాలి. బిళ్ల ఉన్నచోట కాలిస్తే గుండ్లు వెళ్లేసరికి అది అక్కడ ఉండదు" అనేవారు.

"పూలు కొలుస్తున్నారా పెదనాన్నగారూ?" అంటే నవ్వేవారు.

నేను మాత్రం బిళ్లనే చూస్తూ కాల్చేదాన్ని. అది చెక్కుచెదరకుండా వెళ్లి నీళ్లలో పడేది. ఏడాదైనా ఒక్కటీ పగల్లేదు.

"నువ్వొకటి పగలగొట్టేదాకా నేనెక్కడికీ పోనులే" అనేవారు.

ఏలూరు ఆసుపత్రిలో, ఇక ఇంటికి తీసుకెళ్లిపొమ్మని డాక్టరుగారు చెప్పిన రోజున పెదనాన్నగారి చెవి దగ్గర అబద్ధమాడాను. "నిన్న పగిలిందండి."

కళ్లు తెరిచారు. "ఎంత ముందు కాల్చావు?"

నాకేం తెలుసు? "ఒక మూరండి" అన్నాను.

ఆయన సూది గుచ్చిన చేతిని దుప్పటి మీద మెల్లగా మూడుసార్లు జరిపారు. "అడ్డంగా పోయేదానికి మూడైనా వదలాలి తల్లీ" అన్నారు. అబద్ధమని మాత్రం అనలేదు.

మర్నాడే పోయారు. పగిలిందని చెప్పకుండా ఉండాల్సిందేమో.

పెద్దకర్మ అయ్యాక గట్టు మీదికి వెళ్లాం. నాన్న మిషన్ నొక్కారు. మూడు మూరలు ముందు కాల్చాను. బిళ్ల పొడిపొడై నీళ్ల మీద రాలింది.

"పగిలిందండి" అన్నాను, పక్కనే ఖాళీగా ఉన్న పెదనాన్నగారి కుర్చీ వైపు తిరిగి.