తలకిందుల చీటీ

పదకొండేళ్ల కిందట, శ్రావణమాసం రెండో శుక్రవారం, పొద్దున్న పదింపావుకి నేనొక తప్పు చేశాను. ఇన్నేళ్లూ లోపల రాయిలా మోశాను. మీకు చెబుతున్నాను.

అప్పట్లో అనకాపల్లిలో రేడియోలు, మిక్సీలు బాగుచేసేవాణ్ణి. అక్షరం ముక్క రాదు. తీగ రంగు చూసి, కాలిన వాసన పట్టి పని నడిపేవాణ్ణి. ఎవరైనా కాగితం ఇస్తే కాసేపు చూసి తలూపడం అలవాటు.

ఆ రోజు మా వీధి సత్యవతి, తన కూతుర్ని వెంటబెట్టుకుని ఒక బొమ్మ తెచ్చింది. అక్షరం నొక్కితే పలికే పలక. పిల్ల పేరు పావని. ఆరేళ్లొచ్చినా మాట రాలేదు. ఆ పలక ‘అమ్మ’ అంటే మాత్రం వెనకాలే ‘అమ్మ’ అనేది. దాని బ్యాటరీ చచ్చిపోయింది. కంపెనీ ఆ బొమ్మలు చెయ్యడమే మానేసింది, ఆ బ్యాటరీ ఇంకెక్కడా దొరకదు.

“మావయ్యా, ఇంకేదైనా బ్యాటరీ అతికించగలవేటి? ఎలాటిది పెట్టాలో టీచరమ్మ రాసిచ్చినాది. ఓపాలి సూడు,” అని చీటీ నా చేతికిచ్చి, సత్యవతి సంచిలో పలక కోసం వెతుకుతోంది.

చీటీ కళ్ల ముందు పెట్టుకున్నాను. పావని చెయ్యి చాపి, దాన్ని నా వేళ్లలోంచి మెల్లగా లాగి, తిప్పి, మళ్లీ నాకే ఇచ్చింది. తలకిందులుగా పట్టుకున్నానన్నమాట.

ఒళ్లు మండింది. చదివిపెట్టమ్మా అని ఒక్క మాట అడిగితే నా సొమ్మేం పోయేది? చీటీ జేబులో కుక్కాను.

“సదివేను. నువ్వు కూకో.”

మైకులో వేసే చదరపు బ్యాటరీ తీశాను. అరలో పట్టలేదు. బయటే తీగలు అతికించి టేపు చుట్టాను. బలం ఎక్కువైతే గొంతు గట్టిగా వస్తుందనుకున్నాను. పావని ‘అ’ నొక్కింది. పలక కీచుమని ఒక్క అరుపు అరిచింది. పొగ. అంతే.

“ఏటైనాది మావయ్యా?”

“లోపల నీల్లున్నాయి. నీ పిల్ల తడిపీసుంటాది.”

“తడిపీసేవేటే?” అని సత్యవతి పిల్ల వీపు మీద రెండు వేసింది. పావని ఏడవలేదు. నా జేబుకేసి చూసింది. నోరుంటే చెప్పేది. మాట రాదని తెలిసే కదా, నేను తప్పు దాని మీదకి తోసింది?

ఆ తర్వాత పిల్ల ‘అమ్మ’ అనడం మానేసింది. పలక పోయినందుకా? దెబ్బలకా? ఎటు తిప్పినా నా దగ్గరికే వస్తుంది. నెల తిరక్కుండా వాళ్లు నక్కపల్లి వెళ్లిపోయారు.

అరవై రెండో ఏట మనవరాలి దగ్గర అక్షరాలు దిద్దాను. కూడబలుక్కుని చదవడం వచ్చిన రోజే స్క్రూల డబ్బాలో ఇన్నాళ్లూ దాచిన ఆ చీటీ తీశాను. ‘నాలుగు వోల్టులు మించితే కాలిపోతుంది. జాగ్రత్త. పాప దీనితోనే మాట్లాడుతోంది.’

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాలంటే నక్కపల్లి వెళ్లాలి. బస్సులో గంట దారి. ఇన్నేళ్లూ వెళ్లలేదు. రాసినందుకు ఇవాళ కొంచెం ఊపిరాడుతోంది, అంతే.

ఆ రోజు అక్కడున్నది ముగ్గురం. నా మాట నమ్మిన సత్యవతి. అబద్ధం చెప్పిన నేను. పలకని తడపని పావని.