ఆల్-ఇన్ నొక్కిన వేలు

నోవై ఊళ్ళో మంచు కురుస్తున్న ఒక మధ్యాహ్నం, ఆన్‌లైన్ పోకర్ టోర్నమెంట్‌లో టేబుల్ చుట్టూ ఉన్న వాళ్ళందరినీ ఒక్క దెబ్బతో మట్టి కరిపించాను. అందరినీ అంటే... సరే, ఒక్కణ్ణే. మట్టి కరవనూ లేదు, ముక్కలు కింద పడేశాడంతే.

ఈ పరాయి దేశంలో నేనూ మా ఆవిడా ఉండేది మా అమ్మాయి ఇంట్లో. చలికాలమంతా నేను ల్యాప్‌టాప్‌కి అతుక్కుపోతున్నానని తల్లీకూతుళ్ళు ఏకమయ్యారు. ఈసారి టోర్నమెంట్‌లో చివరిదాకా మిగిలినవాళ్ళు ఆడే ఆఖరి టేబుల్ దాకా వెళ్ళకపోతే ఆట మానేస్తానని పౌరుషానికి పోయి మాటిచ్చాను. మంచులో కారు తీసే ధైర్యం లేని నాకు వేరే లోకం లేదు.

నాది రమ్మీ చెయ్యి. ముక్కలు బాగాలేకపోతే డ్రాప్ చెప్పి తప్పుకోవడమే తెలివని నమ్మినవాణ్ణి. పోకర్‌లో అలా తప్పుకుంటూ కూర్చుంటే, వంతు వచ్చినప్పుడల్లా కట్టక తప్పని పందెమే మనల్ని తినేస్తుంది. చూస్తుండగానే నా చిప్స్, అదే పందెం బిళ్ళలు, గుప్పెడయ్యాయి.

ఎదుటివాడు అది పసిగట్టాడు. తెర మీద అతనికి ఫొటో లేదు, దాని బదులు బూడిదరంగు తలకాయ బొమ్మ ఒకటి. నేను పందెం కట్టినప్పుడల్లా దాని మీద రెయిజ్ అంటూ పందెం పెంచేవాడు, సరిగ్గా నేను ఊపిరి వదిలిన క్షణాన. అనుమానమొచ్చి ఊపిరి బిగబట్టాను. అతనూ ఆగాడు. వదిలాను. రెయిజ్! మా ఆవిడ బొట్టుబిళ్ళ తీసి కెమెరా మీద అంటించాను. మళ్ళీ బిగబట్టాను. మళ్ళీ ఆగాడు. కిటికీ అవతల వీధంతా తెల్లగా, అలికిడి లేకుండా ఉంది.

అప్పుడొచ్చాయి ఇస్పేటు ఎనిమిది, కళావరు మూడు. ఏ ఆటకీ పనికిరాని చెత్త. అతను రెయిజ్ చేశాడు. "డ్రాప్" అని పైకే అన్నాను. తెర మీద మాత్రం నా చిప్స్ అన్నీ మధ్యలోకి జారిపోయాయి. ఆల్-ఇన్! నేను నొక్కలేదు. బూడిద తలకాయ మొదటిసారి చాలాసేపు కదల్లేదు. చివరికి ముక్కలు పడేసింది. ఆ తర్వాత నేనెంత ఊపిరి వదిలినా నా జోలికి రాలేదు. పాకుతూ ఆఖరి టేబుల్ చేరాను. చేరిన వెంటనే ఊడాననుకోండి.

అమ్మాయి ఆఫీస్ నుంచి రాగానే మొదలుపెట్టాను.

"మీ నాన్న దెబ్బకి వాడు గడగడలాడిపోయాడమ్మా!"

"నిజం చెప్పు నాన్నా."

"నిజమంటే... నా వేలు తగల్లేదే. ఆల్-ఇన్ దానంతటదే పడింది."

"స్వెటర్ చెయ్యి టచ్‌ప్యాడ్‌కి తగిలుంటుందిలే" అని నవ్వింది. "ఏదైతేనేం, మాట నిలబెట్టుకున్నావ్. ఆడుకో."

మధ్యాహ్నమంతా నా పక్కనే కూర్చుని మెంతికూర గిల్లిన మా ఆవిడ నవ్వలేదు.

"స్వెటరూ కాదు, దెయ్యమూ కాదు. మీరే నొక్కారు. కళ్ళు మూసుకుని, నవ్వుతూ. పిలిస్తే పలకలేదు. మాట నిలబెట్టుకున్నా సరే, ఆ మొహం నేను ఇంకోసారి చూడలేను. ఆ ల్యాప్‌టాప్ మూసేయండి."