మైనం కోసం మదబా వెళ్ళిన వర్దే

మా సందులో వర్దేని ఎరగనివాళ్ళు లేరు, ఆమె నోటికి జడవనివాళ్ళూ లేరు. యెరూషలేంలో పవిత్ర సమాధి చర్చికి దిగే మెట్ల పక్కన కొవ్వొత్తులు పోసి అమ్మేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "మైనం చేతికంటుకుంటే ఒక పట్టాన వదలదు, మగాడూ అంతేనట. నాకు ఒక్క జిడ్డు చాలు" అనేది. నేను పక్కింటిదాన్ని. నా పెద్దాడి పేరు జిర్యీస్ కాబట్టి ఊరంతా నన్ను ఉమ్ జిర్యీస్, అంటే జిర్యీస్ వాళ్ళమ్మ అని మర్యాదగా పిలుస్తారు. వర్దేకి మాత్రం నేను ఎప్పుడూ "ఒసేయ్"నే.

ఈ ఊరికోసం కొట్టుకు చావని రాజు లేడు. టర్కీవాళ్ళు వర్దే తండ్రిని సైన్యంలోకి పట్టుకుపోయారు, ఆయన మళ్ళీ రాలేదు. టర్కీవాళ్ళు పోయి ఇంగ్లీషువాళ్ళు వచ్చారు. వచ్చిన ప్రతివాడూ తుపాకీ భుజాన వేసుకునే ఆ మెట్లు దిగేవాడు. "గెలిచినవాడూ కొవ్వొత్తి కొంటాడు, ఓడినవాడూ కొంటాడు. వాళ్ళు ఎన్నిసార్లు తన్నుకుంటే నాకేం, నా కొట్టుకి లోటు లేదు" అని నవ్వేది. ఆ నవ్వు చెల్లెలు దూరం కాకముందు మాట.

చెల్లెలు నిజ్మే. తల్లి కన్నుమూశాక వర్దే చేతులమీద పెరిగిన పిల్ల. మేమంతా గ్రీకు చర్చివాళ్ళం. నిజ్మే మాత్రం యాఫాలో నారింజ పెట్టెలు కట్టే ఒక లాటిన్ కుర్రాణ్ణి, అంటే రోమ్ పోపు చర్చివాణ్ణి, ఇష్టపడి చేసుకుంది. వర్దే ఏడాదిపాటు మాట్లాడలేదు. తర్వాత ఈస్టరు ముందు శనివారం, సమాధిలోంచి పవిత్ర జ్యోతి బయటికి రాగానే, దాన్ని లాంతరులో వెలిగించి రైల్లో యాఫాకి పంపింది. అదే రాజీ. అప్పట్నుంచి ఏటా ఆ లాంతరు రైలెక్కేది. అవతల నిజ్మే స్టేషనులోనే కాచుకునుండేది.

తర్వాత యుద్ధం వచ్చి ఊరిని రెండు ముక్కలు చేసింది. కోటగోడా, చర్చిలూ, మేమూ జోర్డాను రాజు వైపు. రైలు స్టేషనూ, యాఫా, నిజ్మే ఇజ్రాయెల్ వైపు. మధ్యలో ముళ్ళకంచె, మందుపాతరలు, సిపాయిలు. లాంతరు వర్దే ఇంట్లో మేకుకి వేలాడింది. ప్రతి ఈస్టరుకీ దాన్ని దించి, గాజు తుడిచి, మళ్ళీ తగిలించేది. చూడలేక నేనోసారి లోపల దాచిపెట్టమన్నాను. "నీ సొమ్మేం పోయింది, అక్కడే ఉండనీ" అని కసిరింది. కళ్ళు మాత్రం నా వైపు తిప్పలేదు.

క్రిస్మస్‌కి మాత్రం అటువైపు క్రైస్తవులకి ఒకటిన్నర రోజుకి చీటీలు ఇచ్చి, కంచె మధ్య గేటు దాటనిచ్చేవాళ్ళు. అదైనా అందరికీ కాదు. ఒక చలికాలం అటువైపు రేడియోలో, చుట్టాల కబుర్లు చదివే వేళ, నిజ్మే పేరు వినబడింది. "మా అక్క వర్దేకి. మేం క్షేమం. క్రిస్మస్‌కి చీటీ దొరికింది, వస్తున్నాను." వర్దే ఆ పూట కొట్టు తెరవలేదు. ఇల్లంతా సున్నం వేసింది. ఎదురొచ్చినవాళ్ళందరికీ చెప్పింది, చెప్పినవాళ్ళకే మళ్ళీ చెప్పింది.

డిసెంబరు రెండో వారంలో సంచీ సర్దుకుంటూ కనిపించింది. నది అవతల ఉన్న మదబా వెళ్ళి మైనం తెస్తానంది. మంచి మైనం అక్కడే దొరుకుతుంది. నా కూతురు అఫీఫేని ఇచ్చిందీ ఆ ఊళ్ళోనే. యొర్దాను నదికి రెండు గట్లూ అప్పుడు ఒకే రాజ్యం. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి నా కూతురు వడ్డిస్తుంటే తింటుండేవాళ్ళం.

"ఇప్పుడెందుకక్కా మదబా? నిజ్మే వచ్చేస్తుంది కదా" అన్నాను.

"పండగ జనవరి ఏడో తారీకున కదే. ఈలోపు పదిసార్లు వెళ్ళి రావచ్చు."

"అది మనకి. నిజ్మే లాటిన్ల ఇంటి కోడలు. వాళ్ళకి డిసెంబరు ఇరవై ఐదు. చీటీ కూడా ఆ రోజుకే ఇస్తారు."

"ఒసేయ్, దాన్ని మన చర్చి బాప్తిస్మం తొట్టిలో ముంచుతుంటే నేను కళ్ళారా చూశాను. ఎవణ్ణి చేసుకుంటే మాత్రం నా చెల్లెలి పండగ మారుతుందా?"

"కాగితాలకి తొట్టి సంగతి తెలీదక్కా."

"నువ్వు నోరు మూసుకో. అయినా ఇరవైకల్లా వచ్చేస్తాగా" అని బస్సెక్కింది.

తను తిరిగి రావలసిన వారం దారిలో యెరికో దిగువన వాగు పొంగింది, బస్సులు ఆగిపోయాయి.

ఇరవై నాలుగు మధ్యాహ్నం నిజ్మే వచ్చింది. చిక్కిపోయింది, జుట్టు నెరిసింది, నడక మాత్రం అదే. తలుపుకి తాళం. గుమ్మం పైకమ్మి మీద తల్లి ఎప్పుడో పవిత్ర జ్యోతి మసితో గీసిన సిలువ ఉంది, దాన్ని వేలితో తడిమింది. మా ఇంట్లోకి రమ్మన్నా చీకటి పడేదాకా రాకుండా మెట్లమీదే కూర్చుంది. వాళ్ళ చర్చిలో పండగ గంటలు మోగుతున్నాయి. పండగ పూట కదా అని కోడి కోస్తానన్నాను.

"వద్దు వదినా. అక్కకి తన పండగదాకా ఉపవాసమేగా. ఈ గడపలో కూర్చుని నేను కోడి తింటానా?"

ఆలివ్‌లూ, రొట్టే, పప్పూ పెట్టాను. తిన్నదీ లేదు. వాగు పొంగింది, బస్సులు లేవు, రేపొస్తుందేమో అని చెబుతూనే ఉన్నాను. చివరికి, "నిజం చెప్పు వదినా. నేను లాటిన్ల దాన్నయ్యానని దానికి ఇంకా కోపం పోలేదు. నా మొహం చూడకూడదనే వెళ్ళిపోయింది, అవునా?" అంది. కాదని ఒట్టేసి చెప్పాను. తలూపింది. నమ్మలేదని నాకు తెలుసు.

పండగ సాయంత్రం గేటు మూసేలోపు వెళ్ళిపోయింది. వర్దే మర్నాడు వచ్చింది, మోకాళ్ళదాకా బురదతో, మైనం మూటతో. అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. మూట గుమ్మంలో పెట్టి, చెల్లెలు కూర్చున్న మెట్టు ఏదని అడిగింది. చూపించాను. అక్కడే కూర్చుంది.

"నేను కావాలని వెళ్ళాననుకుందా?"

"అనుకుంది అక్కా."

ఆ ఒక్క మాటే ఆమెని లోపల్నించి తినేసింది. మైనం కోసం వెళ్ళానని చెప్పమంటూ రేడియోవాళ్ళ చుట్టూ తిరిగింది. క్షేమ సమాచారం తప్ప ఇంకేదీ చదవం పొమ్మన్నారు. మరుసటేడు అక్క పండగకే వద్దామని నిజ్మే జనవరి చీటీ అడిగిందట, లాటిన్లకి జనవరి ఏమిటని కొట్టేశారు. ఆ తర్వాత మొగుడు మంచానపడ్డాడు, మరి కదలలేకపోయింది. వర్దే మాత్రం ఏటా రెండు క్రిస్మస్‌లకీ ఇల్లు కదలకుండా మెట్టుమీద కూర్చునేది. మైనం నా కూతురి చేత తెప్పించుకునేది.

అరవై ఏడు జూన్‌లో మళ్ళీ యుద్ధం. వారం తిరక్కుండా ఓడిపోయాం. మా మెట్ల మీద ఇజ్రాయెల్ సిపాయిలు. కంచె చుట్ట చుట్టేశారు, గేటు పీకేశారు. ఇంటింటా ఏడుపు. ఆ ఏడుపులోనే ఒక మధ్యాహ్నం నిజ్మే వచ్చింది, మొగుడు పోయిన నల్లబట్టల్లో, ఏ చీటీ లేకుండా, సిటీబస్సు దిగి.

వర్దే పళ్ళెంలో వత్తులు సర్దుతోంది. లేవలేదు.

"మైనం కోసం వెళ్ళానే" అంది. "వాగు పొంగింది. మైనం కోసమే వెళ్ళాను."

నిజ్మే ఆమె తలని పొట్టకి అదుముకుంది. నేను చూస్తూ నిలబడ్డాను. సంతోషించాను, దేవుడి తోడు. కానీ ఇటు కంచె తీసినవాళ్ళే అటు యొర్దాను నది మీద కూర్చున్నారు. వంతెన కూలిపోయింది. అవతల మదబాలో నా అఫీఫే.

వర్దేకి అది తెలుసు. అందుకే వీధిలో నవ్వలేదు, చెల్లెల్ని చేయిపట్టుకుని చర్చికి తీసుకెళ్ళలేదు. సాయంత్రం వచ్చి నా పక్కన మెట్టుమీద కూర్చుంది.

"అఫీఫేకి రేడియోలో కబురు పంపు. క్షేమం అని ఊరుకోకు" అంది. "అమ్మ ఇల్లు కదలదు అని చెప్పించు. ఏ పండక్కొచ్చినా, పండగ కాని రోజొచ్చినా ఉంటుందని చెప్పించు."

చెప్పించాను. అప్పట్నుంచి నేను ఈ సందు దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. బేత్లెహేములో మనవరాలి పెళ్ళికి కూడా.