పదికి పది అడిగే అక్క

పదికిపదక్క ఎవరో కారు ఓనరుతో వెళ్ళిపోయిందని మా షోరూంలో అందరూ చెప్పుకుంటారు.

ఆ మాటకి మూలం గేటు దగ్గరి వాచ్‌మన్ తాత. "ఎండ అద్దం మీద పడి కళ్ళు బైర్లు కమ్మాయి. లోపల ఎవరున్నారో ఏం కనపడుతుంది? చీటీ ఇచ్చిన చెయ్యి మాత్రం ఆవిడదే. ఆ ఆకుపచ్చ గాజులు నాకు తెలీవా? ఓనరు తీసుకెళ్తున్నారు తాతా, గేటెత్తు అంది. ఎత్తాను."

"మరి ఆ ఓనరు ఎలా ఉన్నాడు తాతా?"

"కారున్నవాడు ఎలా ఉంటాడు? దర్జాగా ఉంటాడు."

అంతే. స్పేర్ పార్టుల కౌంటరు వాళ్ళు అతనికి మీసం పెట్టారు. బిల్లుల కౌంటరావిడ నల్ల కళ్ళద్దాలు పెట్టింది. నేను తుడిచే గుడ్డ పిండి ఆరేసే లోపల ఆ మనిషికి మేడ, మేడ మీద కుక్క కూడా వచ్చేశాయి. పెళ్ళైన మనిషి ఇలా చేస్తుందా అని కొందరు బుగ్గలు నొక్కుకున్నారు. ఫోన్లో అంత తియ్యగా మాట్లాడేటప్పుడే అనుకున్నాం అని ఇంకొందరన్నారు.

ఆమె ఉద్యోగమే ఫోన్లో తియ్యగా మాట్లాడటం.

మాది కొరియా కార్లు అమ్మే షోరూం. హాలంతా తెల్లటి వెలుగు, నున్నటి నేల, మీద కొత్త కార్లు. మేడ మెట్ల కింద మిగిలిన మూల జాగాకి అద్దం బిగించి గది చేశారు. అదే పదికిపదక్క గది. కిటికీ లేదు. ఎవరైనా మెట్లెక్కితే తల మీద నడిచినట్టే ఉంటుంది. అందులో బల్ల, కుర్చీ, ఫోను, ఆమె. కారు కొన్న ప్రతివాళ్ళకీ ఫోన్ చేసి, బండి ఎలా ఉందని అడగాలి. నేను హాల్లో కార్లు తుడుస్తూ, పక్కనుంచి చూస్తూ ఉండేదాన్ని. బయటి అద్దం మీద వేలిముద్రలు తుడవడానికి వెళ్ళినప్పుడల్లా లోపలి మాటలు వినపడేవి.

ఆ పేరు ఎందుకొచ్చిందంటే, కారు ఇచ్చిన కొన్నాళ్ళకి కంపెనీ తరఫున వేరే ఊరి నుంచి ఒకమ్మాయి ఓనరుకి ఫోన్ చేసి, పదికి ఎన్ని మార్కులిస్తారని అడుగుతుంది. పది ఇస్తేనే లెక్క. తొమ్మిదిచ్చినా మా షోరూంకి సున్నా ఇచ్చినట్టే. అందుకని ఆ ఫోను వెళ్ళకముందే మా అక్క ఫోన్ చేసి బతిమాలుకోవాలి. కారు గురించి ఏమనుకుంటున్నారో చెప్పండి అని మొదలుపెట్టి, ఏమనుకున్నా సరే పదికి పది అనండి అని ముగించడం ఆమె పని.

ఓనర్లు ఊరికే పది ఇచ్చే రకం కాదు. ఏసీ వేస్తే క్షణంలో చలి పుడుతుందని మురిసిపోయినాయనే, బంపరు అట్టముక్కలా ఉందని గొణిగేవాడు. మీరు చెప్పిన మైలేజీ మీ గోడ మీదే వస్తుంది, రోడ్డు మీద రాదు అని ఒకావిడ. పదేళ్ళు నడిపిన పాత బండి అమ్మేసి మళ్ళీ ఇదే కంపెనీది కొన్నాను, ఇంక మార్కులెందుకు అని ఇంకొకాయన. ఒక మాస్టారు మాత్రం నాకు బాగా గుర్తు. ఆయన ఎదురు చెప్పేది ఫోను స్పీకర్లోంచి నాకూ వినపడింది.

"నేను జన్మలో ఎవరికీ పదికి పది వెయ్యలేదమ్మా. ఎనిమిది వేశానంటే నెత్తిన పెట్టుకున్నట్టే."

"మాస్టారూ, ఈ ఒక్కసారికి కారు మొహం చూడకండి. నా మొహం చూసి వెయ్యండి."

"నీ మొహం నేను చూళ్ళేదు కదమ్మా."

"చూస్తే ఇంకా తగ్గిస్తారు. చూడకుండానే వేసెయ్యండి."

మాస్టారు పడి పడి నవ్వారు. పది వేశారు. అక్క ఫోను పెట్టేసి నా వైపు చూసి నవ్వలేదు. నవ్వు ఫోన్లోనే అయిపోయినట్టుండేది ఆమెకి.

మధ్యాహ్నం హాలు ఖాళీగా ఉన్నప్పుడు బయటికొచ్చి, గోడ మీద వరసగా ఉన్న పెద్ద ఫోటోల ముందు నిలబడేది. కంపెనీ కథంతా ఆ గోడ మీదే ఉంది. ఆమెకి నోటికొచ్చు. చదువు మధ్యలో ఆగిపోయిన నాకు, కింద రాసిన ఇంగ్లీషు ముక్కలు చదవకుండానే ఆ కథ తెలిసిందంటే ఆమె వల్లే.

"ఇదిగో, ఈయన బండ్లు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాడు. పెట్టిన కొన్నాళ్ళకే తగలబడిపోయింది. మళ్ళీ పెట్టాడు. ఇది వాళ్ళ మొదటి సొంత కారు. సొంతం అంటే, ఇంజను ఒక దేశంవాళ్ళ దగ్గర నేర్చుకున్నారు, ఆకారం ఇంకో దేశం ఆయన గీశాడు. తర్వాత పెద్ద దేశానికి పంపితే అక్కడ జనం నవ్వారు. చవక బండి, వచ్చినంత తొందరగా పోతుంది అన్నారు. అప్పుడు వీళ్ళేం చేశారో తెలుసా అమ్మాయ్? పదేళ్ళ గ్యారంటీ ఇస్తాం, పాడైతే మాదే పూచీ అన్నారు. నవ్వినవాళ్ళే కొన్నారు."

"మీకు ఈ కార్లంటే ఇష్టమా అక్కా?"

"మా నాన్నకుండేది. వీళ్ళు ఇక్కడ మొదట్లో అమ్మిన చిన్న కారు. టోపీ పెట్టుకున్న పిల్లాడిలా పొడుగ్గా ఉండేది. చూసినవాళ్ళంతా నవ్వేవాళ్ళు. దాని మీదే నేను డ్రైవింగ్ నేర్చుకున్నా. పెళ్ళయ్యాక నడపలేదు. ఆడవాళ్ళు నడిపితే గేరుబాక్సు పోతుందంటారు మా ఆయన."

వాళ్ళాయన కూడా ఈ మధ్యే కారు కొన్నాడు. మా షోరూంలో పనిచేసేవాళ్ళ పేరు మీద కొంటే కొంత తగ్గిస్తారు కాబట్టి, బండి అక్క పేరు మీదే తీసుకున్నాడు. తాళం చెవి మాత్రం ఆయన జేబులో ఉంటుంది. రోజూ పొద్దున ఆమెని ఆ కారులోనే తెచ్చి దింపేవాడు. ముందు సీట్లో వాళ్ళత్తగారు, వెనక అక్క. బండి ఆగాక ఆయన దిగి, చుట్టూ తిరిగొచ్చి వెనక తలుపు తెరిస్తే అప్పుడు ఆమె దిగేది.

"చూశావా, మొగుడంటే అలా ఉండాలి. మహారాణికి తలుపు తీసినట్టు తీస్తాడు," అనేది బిల్లుల కౌంటరావిడ.

నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఒకసారి ఆయన దిగిన వెంటనే ఎవరితోనో మాటల్లో పడ్డాడు. అత్తగారు ముందు సీట్లో కునుకు తీస్తోంది. అక్క వెనక అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. లోపలి పిడి మీద చెయ్యి కూడా వెయ్యలేదు. హాలు తలుపులు తెరిచారు, అందరూ లోపలికొచ్చారు, ఆమె అలాగే కూర్చుని ఉంది.

ఆ బండి నీళ్ళ సర్వీసుకి వచ్చినప్పుడు నాకు అర్థమైంది. వెనక తలుపు అంచున, తాళం పక్కన, వేలి గోరంత పిన్ను ఒకటుంటుంది. పిల్లల తాళం అంటారు. అది కిందికి నొక్కితే తలుపు బయటినుంచే తెరుచుకుంటుంది, లోపల్నుంచి రాదు. పసిపిల్లలు పడిపోకుండా పెట్టింది. వాళ్ళింట్లో పసిపిల్లలు లేరు.

గదికి వెళ్ళి మెల్లగా అడిగాను. "అక్కా, ఆ పిన్ను పైకి జరిపెయ్యనా?"

ఆమె చేతిలో ఫోను అలాగే పట్టుకుని నా వైపు తిరిగింది. "వద్దమ్మాయ్. ఎవరు మార్చారని అడుగుతారు. మా ఆడపడుచు పిల్లలు వచ్చినప్పుడు ఆయన నొక్కారు. నేనే చెప్పా, పిల్లలు వెళ్ళిపోయారు కదా, తీసెయ్యండీ అని. ఉండనీ, ఇప్పుడు దానివల్ల నష్టమేంటీ అన్నారు." ఫోను చెవి దగ్గర పెట్టుకుని గొంతు మార్చింది. "నమస్కారమండీ, మీ కొత్త కారు ఎలా ఉందో తెలుసుకుందామని..."

ఆమె ఆశ ఒకటే. మేనేజరు ఆమెకి మాటిచ్చాడు. ఈ నెల ఒక్కరు కూడా పదికి తగ్గించకపోతే, ఆ గదిలోంచి తీసి, కొన్నవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని కొత్త బండి నడిపి చూపించే పనికి మారుస్తానన్నాడు. స్టీరింగు దగ్గర కూర్చునే పని. ఆ నెలంతా ఆమె ఫోన్లో ప్రాణం పెట్టి మాట్లాడింది. పది తర్వాత పది. మేనేజరు మెట్లెక్కుతూ గది అద్దం మీద వేలితో తట్టి, "ఇంకొంచెం ఓపిక పట్టమ్మా, అయిపోవచ్చింది," అనేవాడు. ఆ వేలిముద్ర నేను తుడిచేదాన్ని.

నెల చివర్లో ఆమె సొంత ఫోను మోగింది. నేను గుమ్మం దగ్గర అద్దం తుడుస్తున్నాను.

"అవునండీ, బండి నా పేరు మీదే," అంది. అవతలివైపు కంపెనీ అమ్మాయని ఆ మాటతో తెలిసింది. అక్క కుర్చీలో నిటారుగా కూర్చుంది. అందరికీ ఆమె నేర్పే జవాబు ఆమె నోట్లోనే ఉంది. రెండక్షరాలు. అంటే సరిపోయేది.

"ఎలా ఉందంటే... నడపడానికి ఎలా ఉందో నాకు తెలీదండీ. నేను నడపలేదు. వెనక సీటు గురించైతే చెప్పగలను. కాళ్ళకి చోటుంది. కుదుపు తెలీదు. మంచి బండే. తలుపు లోపల్నుంచి తెరుచుకోదు. అది మీ తప్పు కాదులెండి. కానీ ఓనరు ఏమనుకుంటున్నారని కదా అడిగారు."

అవతలివాళ్ళు ఏదో అన్నారు.

"ఎనిమిది రాసుకోండి," అంది.

ఫోను పెట్టేసి, చేతులు రెండూ బల్ల మీద పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది.

మర్నాడు మేనేజరు గదిలోకొచ్చి తలుపు వేశాడు. అద్దం గదికి తలుపు వేసినా వేయకపోయినా ఒకటే.

"ఊరందరి చేతా పది చెప్పించావు. నీ బండికి నువ్వు ఎనిమిదా? నీకు పిచ్చి గానీ పట్టిందా?"

"ఉన్నమాట చెప్పాను సార్."

"ఉన్నమాట ఎవరడిగారమ్మా నిన్ను?"

"వాళ్ళే అడిగారు సార్."

మేనేజరు నుదురు కొట్టుకున్నాడు. "సరే. ఆ పని సంగతి మర్చిపో. ఈ కుర్చీకీ నీకూ రుణం తీరలేదు."

ఆయన మెట్లెక్కిపోయాడు. అడుగులు ఆమె తల మీదుగా వెళ్ళాయి.

ఆ వేళే వాళ్ళ కారు సర్వీసుకి వచ్చి, పనైపోయి, వెనక దొడ్లో నిలబడి ఉంది. సాయంత్రం ఆయన వచ్చి తీసుకెళ్తానన్నాడు. నేను దాన్ని తుడుస్తున్నాను. మధ్యాహ్నం అక్క సంచి భుజాన వేసుకుని వచ్చింది. చేతిలో తాళం చెవి, బయటికి పంపే చీటీ ఉన్నాయి. ఓనరు సంతకం పెట్టి తీసుకోవచ్చు కదా, కౌంటర్లో అడిగి తెచ్చుకుందట. నేను అలవాటు కొద్దీ వెనక తలుపు దగ్గరికి వెళ్ళి పిడి పట్టుకున్నాను.

"అటు కాదమ్మాయ్," అంది.

ముందు తలుపు తనే తెరుచుకుని కూర్చుంది. సీటు ముందుకి జరుపుకుంది. అద్దాలు సరిచేసుకుంది. చాలాసేపు బండి కదల్లేదు. గేరు అటూ ఇటూ మార్చి చూసుకుంటుంటే గాజులు గలగలమంటున్నాయి. క్లచ్ వదలడం కుదరక బండి ఒకసారి ఎగిరి ఆగిపోయింది. నేను గుడ్డ పట్టుకుని నిలబడ్డాను. ఎవరైనా వస్తారేమోనని హాలు వైపు చూస్తున్నాను. రెండోసారి కదిలింది.

సాయంత్రం వాళ్ళాయన వచ్చాడు. బండి లేదు, భార్య లేదు.

"బండి ఓనరు తీసుకెళ్ళారండీ," అన్నాడు వాచ్‌మన్ తాత.

"ఓనర్ని నేనే కదయ్యా!"

తాత బుర్ర గోక్కున్నాడు. ఈయన ఓనరైతే, మరి ఆవిడని తీసుకెళ్ళిన ఓనరు ఇంకెవరో అయ్యుండాలి. అలా పుట్టాడు మీసాలవాడు. బండి ఎవరి పేరు మీద ఉందో మేనేజరుకి తెలుసు. చెబితే తాళం చెవి ఎందుకిచ్చారని గొడవవుతుందని ఆయన నోరు మెదపలేదు. నన్ను ఎవరూ అడగలేదు. గుడ్డ పట్టుకున్నవాళ్ళని ఎవరూ ఏమీ అడగరు.

ఇప్పుడు ఆ గదిలో నేను కూర్చుంటున్నాను. గొంతు మెత్తగా ఉందని మేనేజరే నన్ను అక్కడ పెట్టాడు. నా తల మీదా అడుగులు నడుస్తాయి. సర్వీసైన బండ్ల ఓనర్లకి ఫోన్లు చేస్తుంటే, వరసలో ఒక నంబరు వచ్చింది.

"నమస్కారమండీ, మీ కారు సర్వీసు తర్వాత ఎలా ఉందో..."

"ఉండమ్మాయ్, పక్కకి ఆపుతా," అంది అక్క. ఇండికేటరు టిక్కుటిక్కుమనడం వినపడింది. "చెప్పు. ఆ కుర్చీ నీకు తగిలించారా? తలుపు వైపు జరిపి వేసుకో, తల బరువు కాస్త తగ్గుతుంది."

"ఎక్కడున్నారక్కా?"

"మా చెల్లెలింట్లో. ఎన్నాళ్ళో తెలీదు. ఆయన రోజూ ఫోన్ చేస్తున్నారు. బండి ఇచ్చెయ్యమంటున్నారు. నన్ను రమ్మనడం మాత్రం ఇంకా గుర్తురాలేదు."

ఎదురుగా అద్దం, అవతల మేనేజరు. "బండి ఎలా ఉందక్కా?" అన్నాను.

"క్లచ్ కొంచెం గట్టి. మా నాన్న బండిదే మెత్తన. మలుపులో మాత్రం చెప్పినట్టు వింటుంది."

"వెనక తలుపు?"

"అలాగే ఉంది. నేను వెనక కూర్చుంటే కదా."

"ఎన్ని రాసుకోను?"

"ఎనిమిది," అంది. "నువ్వు పది రాసుకో, లేకపోతే నీకు తిట్లు పడతాయి."

ఎనిమిదే రాశాను.

వాచ్‌మన్ తాత ఇప్పటికీ ఆ కథ కొత్తగా చేరినవాళ్ళకి చెబుతాడు. ఎండ గురించి చెబుతాడు, ఆకుపచ్చ గాజుల చెయ్యి చీటీ ఇవ్వడం గురించి చెబుతాడు. మా గేటు దగ్గర ఆయన గది, బయటికెళ్ళే బండికి డ్రైవరు కిటికీ వైపు ఉంటుంది. ఆ చెయ్యి ఆ కిటికీలోంచే వచ్చింది. బండిలో ఇంకెవరూ లేరు.